ముందు నీళ్లు తాగు

మా పెద్దమ్మ పోయింది. ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ మొదలైన వారమే పోయింది. జబ్బుతో పోయిందని మా చర్చి సంఘంలో అంటున్నారు. కాదు. జబ్బేమిటో తెలుసుకునే పరీక్ష కోసం కడుపు శుభ్రం చేసుకుంది. ఆ శుభ్రంతోనే పోయింది.

చోడవరంలో చెరకుబళ్లు బారులు తీరే రోడ్డు పక్కనే ఆవిడ ఇల్లు. రోలుగుంట నుంచి, మాడుగుల నుంచి వచ్చిన బళ్లు కాటా దగ్గర వంతు కోసం పూటలకి పూటలు నిలబడిపోయేవి. సీజనంతా ఆవిడ అరుగు మీద నీళ్లకుండ ఉండేది. బండివాళ్లందరికీ ఆవిడ అప్ప, అంటే అక్క. బండివాడు వంగి దోసిలి పడితే ఇత్తడి చెంబుతో ధారగా పోసేది. మొదట్లో మా ఇంటి నీళ్లు వద్దన్నవాళ్లుండేవారు. ఎండ ముదిరేక వాళ్లూ దోసిలి పట్టేరు. "దాహం ఆళ్లకి బాప్తిస్మం ఇచ్చేసిందిరా" అని పెద్దమ్మ నవ్వేది.

నేను లేతు షెడ్డులో పనివాణ్ణి. యజమానితో తగువుపడి బుసలు కొడుతూ వచ్చేవాణ్ణి. "ముందు నీళ్లు తాగరా. తరవాత తిడుదువుగాని" అనేది. చెంబు దించేసరికి సగం తిట్లు మర్చిపోయేవాణ్ణి. "సూసేవా? నీ కోపంలో సగం గొంతెండిపోడమే!"

నిరుటి నుంచి ఆవిడ కాళ్లు వాచేవి. మూత్రపిండాలు బలహీనపడ్డాయని ఇక్కడి డాక్టరు చెప్పేడు. ఈమధ్య దొడ్డికెళ్తే నెత్తురు పడుతోంది. సిగ్గుపడి చాన్నాళ్లు దాచింది. తెలిసేక విశాఖపట్నంలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లేను. పెద్దపేగులోకి గొట్టం పెట్టి చూడాలన్నారు. ముందురోజు విరేచనాలకి బేది ఉప్పు తాగి, ఏమీ తినకుండా రమ్మన్నాడు అక్కడి ఉద్యోగి. తలెత్తి చూడలేదు. ఆ వాచిన కాళ్లు చూడలేదు. మూత్రపిండాలు ఎలా ఉన్నాయని అడగలేదు. తినొద్దన్నాడు గాని, నీళ్లు తాగుతూ ఉండమని చెప్పలేదు.

పెద్దమ్మకి తినకుండా ఉండడమంటే ఒకటే తెలుసు. ఉపవాస ప్రార్థన. ఆ రోజు పొద్దు గుంకేదాకా మావాళ్లు నీళ్లు ముట్టరు. ఆవిడకి తోడుగా సంఘం ఆడవాళ్లు కూడా ఉపవాసం కూర్చున్నారు. "ఒక్కర్తివీ ఏటుంటావప్పా, మేమూ ఉంటాం" అన్నారట. ఆ ప్రేమని నేనేమనగలను? వాళ్లు పాటలు పాడుతున్నారు. ఆవిడ పెరట్లోకి వెళ్తోంది, వస్తోంది, మళ్లీ వెళ్తోంది. ఆ ఉప్పునీళ్లు తప్ప గొంతులోకి ఇంకేమీ దిగలేదు. పొద్దు గుంకినా ముట్టలేదు. పరీక్ష అయ్యేదాకా ఉపవాసమే అనుకుంది.

మర్నాడు బస్సులో నా భుజం మీద వాలిపోయింది. సబ్బవరంలో దిగి సోడా తెచ్చేను. ఆవిడ పెదాలు అంటుకుపోయి ఉన్నాయి.

"వద్దురా బాబూ. కడుపు కాళీగా రమ్మన్నారు. పరీక్ష పాడైపోతాది."

"నీళ్లకేటవుతాది పెద్దమ్మా?"

"నీకేటి తెలుసురా? ఇది నీ లేతు మిసనేటి?" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆస్పత్రిలో డాక్టరు నాడి చూసి కేకలేసేడు. "ఇలాంటి మనిషికి బేది ఉప్పు ఎవరిచ్చేరు? నీళ్లెందుకు పట్టలేదు?" నన్నడుగుతున్నాడు! సెలైను ఎక్కించేరు. మూత్రం రాలేదు. గొట్టం పరీక్ష జరగనే లేదు. ఆ నెత్తురు ఎందుకు పడిందో ఇవాళ్టికీ మాకు తెలీదు.

దేవుడు పిలిచేడని సమాధి దగ్గర పాస్టరుగారన్నారు. పిలిచినవాణ్ణి నేను చూళ్లేదు. చెప్పాల్సింది చెప్పనివాణ్ణి చూసేను. మీ ఇంట్లో ముసలివాళ్లకి డాక్టరు ఇలాంటి పరీక్ష రాస్తే అక్కడే నిలబడి అడగండి. మూత్రపిండాలు బాగోలేవు, ఈ మందు పడుతుందా? ఏం తాగాలి, ఎంత తాగాలి? విసుక్కుంటే విసుక్కోనీండి. జవాబు వినేదాకా కదలకండి.

నిన్న మాడుగుల వైపు నుంచి ఒక బండి వచ్చింది. ఈ సీజనుకి ఆ బండివాడు రావడం అదే మొదలు. అలవాటుకొద్దీ అరుగు ముందు వంగి, దోసిలి పట్టి, "అప్పా, నీళ్లు!" అని కేకేసేడు. చెంబు ముంచుకుని నేను బయటికొచ్చేను. తలెత్తి చూసేడు.

"అప్పేదిరా?"

"ముందు నీళ్లు తాగు మావా. తరవాత సెప్తాను."

దోసిలి నిండింది. ఆయన తాగలేదు. నా మొహంకేసే చూస్తున్నాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు మట్టిలోకి కారిపోతున్నాయి. నేను పోస్తూనే ఉన్నాను.