మనసు చదివే మంత్రగాడిపై నా అనుమానం

ఈ మధ్య చదివిన సైన్స్ ఫిక్షన్ నవలలో మనసు చదివే యంత్రం ఉంది. నమ్మలేదు. ఇప్పుడు చదువుతున్న ఫాంటసీ నవలలో ఎదుటివాళ్ల ముఖం చూసి మనసు చదివే మంత్రగాడు ఉన్నాడు. వాణ్ని అసలే నమ్మను. వెనక నుంచి పిలిస్తే ఒక్కసారీ పలకడేం?

లింబాయత్ గల్లీల్లో నాతో పెరిగినవాళ్లారా, సాంచాల మోత గుర్తుందా? ఆ మరమగ్గాల మధ్య మన నాయనలు పెదవుల కదలిక చూసి మాట్లాడుకునేవాళ్లు. మా నాయన ఇంట్లోనూ నా పెదవులనే చూసేవాడు. కనుబొమ్మల మీద పోగుల నుసి, రెప్ప వేయని చూపు. అబద్ధం పట్టేస్తాడని భయపడి, బడి ఎగ్గొట్టిన సంగతి నేనే కక్కేసేదాన్ని.

ఒకరోజు నాయన అటు తిరిగి మంచం నవారు బిగిస్తున్నాడు.

"ఏమయ్యా, చాయ్ తాగుతవా?" అని అమ్మ రెండుసార్లు పిలిచింది. పలకలేదు. స్టీలు గిన్నె కింద పడినా తిరగలేదు. అమ్మ పోయి ఎదురుగా నిలబడింది.

"ఎప్పటిసంది గిట్ల?"

నాయన ఆమె పెదవులు చూశాడు. "బిడ్డకు చెప్పకు. జర గా భయమన్న ఉండనీ."

గుసగుసగానే అన్నాననుకున్నాడు. గడపలో కూర్చున్న నాకే కాదు, గల్లీ చివరిదాకా వినబడింది.

ఆ తర్వాత కూడా తప్పు చేసినప్పుడల్లా నాయన ఎదుట నిలబడి, పెదవులు బాగా కదిలిస్తూ నిజమే చెప్పాను.

నవలలో ఇంకా వంద పేజీలున్నాయి. ఆ మంత్రగాడు ఎవరితోనైనా గుసగుసలాడే చోటు కోసం చూస్తున్నాను.