పన్నెండో తెరచాప

నా చిన్నప్పుడు, డెబ్బయిల మొదట్లో, వేసవి సెలవులకు గవర్నర్‌పేట నుంచి బందరు తీరంలోని మా తాతయ్య ఊరికి వెళ్లేవాణ్ణి. అక్కడ సముద్రం వైపు ఇటుకల పాత బురుజు ఒకటి ఉండేది. తుఫాను కబురు రాగానే బురుజు మీది స్తంభానికి నల్లగుడ్డ చుట్టిన పెద్ద వెదురు బుట్టను ఎక్కించడం మా తాతయ్య పని. చేపల వేటకు వెళ్లినవాళ్లు దాన్ని చూసి తెరచాపను ఒకసారి దించి ఎత్తాలి. అదే జవాబు. ఆ తరవాత ఒడ్డుకు తిరగాలి.

ఒక రోజు పొద్దున కబురు వచ్చేసరికి పన్నెండు పడవలు సముద్రంలో ఉన్నాయి. తాతయ్య బుట్టను ఎక్కించి, లెక్క నన్ను చూడమన్నారు. పిట్టగోడ మీద సుద్దతో పన్నెండు గీతలు గీసి, జవాబిచ్చిన పడవకల్లా ఒకటి కొట్టేశాను. పదకొండు అయ్యాయి. అంత ఎత్తున కట్టాం, ఇక మన పని అయిపోయిందన్నాను.

"కట్టడంతో అయిపోదురా. వాడు చూశాడని మనకి తెలియాలి," అన్నారు తాతయ్య.

ఇంతలో పక్కింటి అక్క రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. మిగిలింది వాళ్లాయన పడవే.

"వల మీదే ఉన్నట్టుంది ధ్యాసంతా," అన్నారు తాతయ్య.

"ఇంట్లోనూ అంతే తాతా. పది పిలుపులకి గానీ పలకడు," అంది అక్క.

"అయితే పదిసార్లు పిలుద్దాం. తాడు పట్టండి."

కదలని బుట్ట మీద కళ్లు పడవు, కదిలిస్తే పడతాయని తాతయ్య ఉపాయం. ముగ్గురం కలిసి బుట్టను సగందాకా దించాం, మళ్లీ పైకి లాగాం. దించాం, లాగాం. దక్షిణాన మబ్బు నల్లబడుతోంది. నా అరచేతులు మండిపోయాయి. తొమ్మిదోసారి లాగుతుండగా, దూరంగా ఆ పన్నెండో పడవ తెల్లటి తెరచాప కిందికి జారి మళ్లీ లేచింది. అక్క తాడు వదిలి అక్కడే కూలబడి, ఏడుస్తూ నవ్వింది.

పెద్దగాలి మొదలయ్యేలోపు పన్నెండు పడవలూ ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి లోపలికి వచ్చేశాయి. ఒడ్డున జనం కేకలు బురుజు దాకా వినిపించాయి. చివరి గీత కొట్టేసినప్పుడు నేనే సముద్రాన్ని గెలిచినట్టు అనిపించింది.

తరవాత కాలవల శాఖలో చాలా ఏళ్లు పనిచేశాను. నీళ్లు వదిలే ముందు కింది లాకులకు ఫోను చేస్తే, అవతలి మనిషి ఎంత విసుక్కున్నా సరే, నేను చెప్పింది తిరిగి నాకు చెప్పేదాకా ఫోను పెట్టేవాణ్ణి కాదు. ఇప్పుడు మనవరాలికి రైలు టైము చెప్పినా అంతే.