నల్లనీళ్ళలోకి చుట్టంగా పోయిన కథ

మొన్న దసరా నాడు నేను సముద్రంలో మునిగి ఒక మనిషిని పట్టుకొచ్చానని మన పదకొండో గల్లీ అంతా చెప్పుకుంటున్నారట. కొబ్బరికాయల దుకాణాయన నిన్న నన్ను ఆపి మరీ భుజం తట్టాడు. మీరూ అదే అడుగుతున్నారు గనక చాయ్ వచ్చేలోపు చెప్పేస్తాను. విన్నాక భుజం తట్టాలో, నెత్తిన మొట్టాలో మీరే తేల్చుకోండి.

నర్సింహ మామ అంటే మా అమ్మ తమ్ముడు. మన తాతలు బొంబాయిలో రాళ్ళు మోసి బంగ్లాలు కడితే, మామ నీళ్ళ కింద కడతాడు. జెట్టీ స్తంభాలు అడుగున పగిలితే వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని దిగి, చేతులతో సరిచేసి వస్తాడు. రెండేళ్ళుగా నేను పైన నిలబడి ఆయన నడుముకు కట్టిన తాడు పట్టుకుంటున్నాను. నా నౌకరీ అంతే. తాడు పట్టుకుని ఆకాశం చూస్తూ, ఏదో ఒకరోజు నేనూ దిగుతాను, కింద నీలం నీళ్ళలో రంగురంగుల చేపలు నా చుట్టూ తిరుగుతాయి అని కలలు కంటుంటాను. మన రేవులో నీళ్ళు గిన్నె అడుగున మిగిలిన చాయ్‌లా ఉంటాయని రెండేళ్ళు కళ్ళారా చూసి కూడా!

మామ సామాను చూస్తే మీకు జాలేస్తుంది. చిన్న కళ్ళద్దం, నోట్లో పెట్టుకునే గొట్టం, పాత ఖాకీ బట్టలు, కాళ్ళకు కాన్వాస్ బూట్లు, నడుము పట్టీ నిండా సీసం దిమ్మలు. టార్చి కూడా లేదు. రాయి లెక్క అడుగుకు పోవాలె, చేతులతోని తడమాలె, పని చేసుకుని రావాలె, ఇదే ఆయన వేదాంతం. ఏ వస్తువు కొన్నా ఒకటే అడుగుతాడు: అడుగున పాకుతుంటే ఇది అడ్డమొస్తదా? వస్తే ఇంట్లోనే ఉండాలి.

నాకు ఇంకో వేదాంతం దొరికింది. నాగ్‌పాడా దాటి చోర్ బజార్‌కు పోతే, ఓడల సామాను అమ్మే దుకాణంలో ఒక ఫారిన్ పుస్తకం కనబడింది. నీళ్ళలో ఒకడు గద్దలా చేతులు చాపి తేలుతున్న బొమ్మ. కింద అంతా ఇంగ్లీషు. నేను మున్సిపాలిటీ బడిలో ఏడు దాకా తెలుగులో చదివినవాణ్ణి. కింది ఖోలీలో ఉండే టైపిస్టుగారితో చదివించుకున్నాను. సముద్రం ఇంటికి మనం చుట్టాలమట. చుట్టం ఇల్లంతా చూడొచ్చు గాని ఏదీ ముట్టుకోకూడదట. అడుగుకు ఆనకుండా, బురద లేపకుండా, ఈకలా తేలుతూ పోయి రావాలట. ఆ మాట విన్నాక నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. ఇన్నాళ్ళూ నా మనసులో ఉన్నది ఎవడో దేశంగాని దేశంలో కూర్చుని రాసేశాడు అనిపించింది.

సైకిల్ అమ్మేశాను. అదే దుకాణంలో కుప్ప ముందు కూర్చుని ఒక్కొక్కటీ ఆ సిద్ధాంతానికి తగ్గట్టు ఏరుకున్నాను. అంతా చూడాలి కనక సగం మొహం కప్పే వెడల్పు అద్దం. చేపలా ఈదాలి కనక మోకాలంత పొడుగున్న రబ్బరు రెక్కలు, రెండు కాళ్ళకూ. చలిదేశాలవాళ్ళు వేసుకునే వేలెడు మందం నల్ల సూటు. గొట్టంతో సహా గాలి నింపిన పసుపు రంగు సిలిండర్, పెద్ద టార్చి. సీసం దిమ్మలు మాత్రం రెండే, చుట్టపుచూపుగా పోయేవాడికి బరువెందుకు? ఆ సూటుకు ఇంకో ఎనిమిదైనా కావాలని దుకాణం సేట్ మొత్తుకున్నాడు. పాపం, ఇనుము అమ్ముకునేవాడు, వీడికి సిద్ధాంతం ఏం తెలుసు అనుకున్నాను.

సామాను ఖోలీలో పరిచి, చుట్టం సంగతి మామకు వివరంగా చెప్పాను. మామ బీడీ ఆర్పి అడిగాడు.

"మనం చుట్టాలమా రా అంజీ? కూలోళ్ళం. చుట్టమోలె పోయి ఏదీ ముట్టకుంట వస్తే పని ఎవడు జేస్తడు, మీ టైపిస్టు జేస్తడా?"

దసరా వచ్చింది. పనిముట్లకు పూజ. మా తాత తాపీ, సుత్తె, వాటి పక్కన మామ సిలిండర్, అద్దం, బూట్లు, సీసం పట్టీ, అన్నిటికీ పసుపు కుంకుమ, బంతిపూలు. నా సామాను కూడా తెచ్చి వరసలో పెట్టాను. మామ వాటిని పక్కకు జరిపేశాడు. ఇది పనిముట్టు గాదు, ఆటబొమ్మ, మంచం కింద పెట్టు అన్నాడు. అంతమంది ముందు! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పూజలో పెట్టినవాటిని మర్నాడు పొద్దున కొబ్బరికాయ కొట్టేదాకా కదపకూడదని మీకు తెలుసు కదా. కదిపితే వాటిని పట్టినవాడు ఆ పనిలోనే పోతాడని మావాళ్ళ భయం.

మధ్యాహ్నం అన్నాలు తింటుంటే మొగులమ్మ వచ్చింది. పాలమూరు నుంచి వచ్చి మొగుడితో కలిసి కొత్త జెట్టీ దగ్గర కూలి చేస్తోంది. ఆ మొగుడు బాలయ్య పరంజా మీంచి జారి నీళ్ళలో పడి రెండు గంటలైందట. ఈత రాదు. బతికుంటాడని ఆమె కూడా అనుకోవడం లేదు. పోలీసులకు కబురు పోయింది గాని వాళ్ళు మనుషుల్ని తెచ్చేలోపు ఆటు మొదలవుతుంది, శవం ఎటు కొట్టుకుపోతుందో తెలియదు. అక్కడ కూలీలతో పని చేయించే ముకద్దమేమో, పరిహారం కట్టాల్సొస్తుందని, బాలయ్య ఇవాళ పనికే రాలేదు, ఊరికి పారిపోయాడని అప్పుడే అందరికీ చెబుతున్నాడట.

"దొరక్కపోతే నేను ముండమోసినదాన్నా, మొగడు ఇడిసినదాన్నా? పిల్లలకు ఏమని చెప్పాలె పటేలా" అంది మామతో. ఏడవలేదు. అడిగింది, అంతే.

మామ ఎంగిలి చేయి కడుక్కుని నేరుగా పూజ దగ్గరికి పోయాడు. అత్త అడ్డంగా నిలబడింది. మెడలో పుస్తెలు చేత్తో పట్టుకుని నిలబడింది. మొగులమ్మ ఆ పుస్తెల వంకే చూసి తల దించుకుంది. మామ చాపిన చేయి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత నా వంక తిరిగాడు.

"నీ ఆటబొమ్మ బయటికి తియ్యి."

ఆ సూటు తానే వేసుకుందామని చూశాడు, మోకాలి దగ్గరే ఆగిపోయింది. సిలిండర్ పట్టీలు ఆ సూటుకే కుట్టేసి ఉన్నాయి, విడిగా కట్టుకోవడానికి లేదు. ఇక నేనే. భయం లేదా అంటే, చెప్పొద్దూ, టాక్సీలో కూర్చున్నంతసేపూ నాకు గర్వంగానే ఉంది.

జెట్టీ మీద నూరుమంది ఉన్నారు. నేను సూటు బిగించి, రెక్కలు తొడుక్కుని, కొంగలా కాళ్ళెత్తి వేస్తూ మెట్ల దాకా నడిచాను. జనం దారి ఇచ్చారు. మామ నా నడుముకు తాడు కట్టి చెప్పాడు: మూడుసార్లు గుంజితే పైకి లాగుతాం, ఎంతకీ గుంజకపోతే తాడు పట్టుకుని ఊపిరి బిగబట్టి నేనే వస్తా. నేను దేవుణ్ణి తలుచుకుని దూకాను.

మునగలేదు.

మళ్ళీ ప్రయత్నించాను. తల కిందికి పోతోంది, పిర్రలు పైకి వస్తున్నాయి. కాళ్ళు కొడితే రెక్కలు పటపటా చప్పుడు చేశాయి గాని నేను జానెడు కూడా దిగలేదు. ఆ మందం సూటు నన్ను బెండు ముక్కలా పైన పెట్టుకుంది. ఈకలా తేలాలి అన్నాడు కదా, తేలాను. ఎవడో నవ్వాడు. ఇంకెవడో వాడి నోరు మూయించాడు. మొగులమ్మ గట్టున కూర్చుని నా పిర్రల వంక చూస్తోంది. అప్పుడే చచ్చిపోయినా బాగుండేది.

పాలమూరు కూలీలకు నాకన్నా ముందు అర్థమైంది. ఖాళీ సిమెంటు సంచిలో కంకర నింపి, మెడ బిగించి, నా నడుముకు కట్టేశారు. ఈసారి దిగాను. దిగడమేమిటి, పడ్డాను. చెవుల్లో మేకులు కొట్టినట్టయింది. నడుం దాకా బురదలో కూరుకుపోయాను. టార్చి వేస్తే జానెడు దూరంలో గోధుమరంగు గోడ, అంతే. బయటికి రావాలని కాళ్ళు ఆడించిన కొద్దీ ఆ పొడుగు రెక్కలు ఇంకా బురద లేపాయి, చివరికి ఒకటి ఇనుప చువ్వల్లో ఇరుక్కుంది. టార్చి జారిపోయింది. తాడు గుంజుదామంటే సంచి, పట్టీలు, తాడు అన్నీ ఒకే ముద్ద, ఏది ఏదో చేతికి తెలియడం లేదు. గాలి పీలుస్తున్నా, లోపలికి వస్తున్నట్టు లేదు. అమ్మ గుర్తొచ్చింది. అమ్ముకున్న సైకిల్ కూడా గుర్తొచ్చింది, ఎందుకో.

అప్పుడు తగిలింది. చేయి.

మామ వచ్చాడు. మాట ఇచ్చినట్టే ఊపిరి బిగబట్టుకుని వచ్చాడు. నేను ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను. కూలి చేసిన గట్టి చేయి, అరచేతిలో కాయలు. నా గుండె దడ నెమ్మదించింది. చిన్నప్పుడు గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో జనంలో తప్పిపోయి దొరికినప్పుడు ఇట్లాగే పట్టుకున్నాను మామ చేయి. నోట్లో గొట్టం ఉన్నా దాంట్లోంచే, తప్పయింది మామా, ఇంకెప్పుడూ నీ మాట దాటను అని గుడగుడమని చెప్పాను. మామ ఏమీ తిట్టలేదు. ఎంత మంచివాడో అనుకున్నాను.

నడుము దగ్గర తాడు బిగిసింది. ఇరుక్కున్న రెక్క ఊడిపోయింది. పైకి లేస్తున్నాను, చేయి వదలకుండా.

తల నీళ్ళ పైకి వచ్చింది. అద్దం మీద నీళ్ళు జారి ముందు జెట్టీ కనబడింది. దాని మీద ఆరుగురు కూలీలు తాడు లాగుతున్నారు. వాళ్ళందరికీ ముందు, చొక్కా విప్పి దూకడానికి సిద్ధంగా మామ. ఒంటి మీద ఒక్క చుక్క తడి లేదు.

నేను మామ వంక చూస్తూనే ఉన్నాను. నా చేతుల వంక చూడడానికి చాలాసేపు పట్టింది. వదిలేద్దామనే అనుకున్నాను, దేవుడి తోడు. వేళ్ళు రాలేదు. గట్టు మీదికి లాగాక మామ కూర్చుని బాలయ్య చేతి మీంచి నా ఒక్కొక్క వేలూ విడదీశాడు. ముకద్దం అప్పటికే అక్కడ లేడు. నేను మెట్ల మీద వాంతి చేసుకుంటుంటే జనం నా వీపు నిమిరి, బహాదూర్ అన్నారు.

మూడో నాడు మొగులమ్మ ఊరికి పోతూ మా ఖోలీకి వచ్చింది. బొట్టు లేదు. వెంట ఇద్దరు పిల్లలు. గడప బయటే నిలబడి, లోపలికి రమ్మన్నా రాలేదు.

"అడుగు నుంచి పైదాక ఆయన చెయ్యి ఇడువలేదంట గద అన్నా" అంది.

"ఇడువలే చెల్లె" అన్నాను.

మామే నన్ను కాపాడడానికి వచ్చాడనుకుని పట్టుకున్నానని మాత్రం చెప్పలేదు.