కడిగిన ఉచ్చులు

మధ్యాహ్నం హోమ్ ఆఫీసు కట్టేసి, జర్మనీలోని కార్ల్స్‌రూహె శివార్లలో రైన్ నది పాత పాయ పక్కన నడుస్తూ, చుట్టూ ఎవరూ లేరు కదా అని మాస్కు కిందికి లాగానో లేదో, కుళ్లిన జమ్ము, నల్లటి ఒండ్రు కలిసిన వాసన గుప్పున కొట్టింది. కరోనాతో వాసనలన్నీ పోయాయని మూడు వారాలుగా బెంగపెట్టుకున్నదాన్ని. తిరిగి తెలిసిన మొదటి వాసన అచ్చం మా కొల్లేటిదే.

నీటికోళ్లను పట్టడంలో మా మేనత్త నాగరత్నం చెయ్యి తిరిగిన మనిషి. ఇప్పుడది నేరం, అప్పట్లో అడిగేవాళ్లు లేరు. కార్తీకంలో మంచు విడవకముందే నన్ను తాటిదోనెలో కూర్చోబెట్టుకుని, చద్దన్నం, ఎండురొయ్యల వేపుడు మూటకట్టుకుని, దోనె అడుగుకు తామరాకులు రాసుకునే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించని నీళ్లలోకి తీసుకెళ్లి, ఊళ్లోవాళ్ల తప్పులు ఏకరువు పెట్టేది. కోడి ఈదే చోట ఉచ్చు పెట్టడం తప్పట, అది నడిచే జమ్ము సందులో పెట్టాలట. చేతికి అడ్డొస్తోందని ఆ జమ్ము కోస్తే కోడి మళ్లీ అటు రాదట. పడిందో లేదో అని గంటకోసారి తొంగిచూడటం మరీ తెలివితక్కువట. పొరుగు లంకలోని అప్పలస్వామి ఇవన్నీ చేస్తాడని, అతన్ని కోడి అడిగేకంటే పస్తుండటం నయమని అనేది. ఆ పొగరంటే నాకు ప్రాణం.

తమ్ముడు పుట్టాక అమ్మ పాలిపోయి మంచం దిగలేకపోయింది. నీటికోడి చారు తాగితే నెత్తురు పడుతుందన్నారు పెద్దవాళ్లు. అత్త ఆ పని తన మీద వేసుకుంది. నేనూ సాయం చేద్దామని, చూరుకు వేలాడుతున్న గుర్రపు వెంట్రుకల ఉచ్చులను, బురద పట్టి నల్లబడ్డవాటిని, ఎవరూ చూడకుండా సబ్బుపెట్టి తోమి ఆరేశాను. మూడు రోజులు ఒక్క కోడీ పడలేదు. "గాలి తిరిగిందే," అని అత్త అమ్మతో చెప్పింది. ఉచ్చు మెరిస్తే కోడి పక్కనుంచి పోతుందని దోనెలో మాటల మధ్య నాతో అంది. అమ్మకేమైనా అయితే నా వల్లే అనుకున్నాను. అన్నం సయించలేదు, అయినా నోరు విప్పలేదు. నాలుగోరోజు అత్త ఒక్కతే వెళ్లి కోడితో తిరిగొచ్చింది. మిరియాలు దంచి కాచిన చారు అమ్మ గిన్నెడు తాగింది. పది రోజులకు లేచి తిరిగింది.

ఇవాళ ఇక్కడి జమ్ములోంచి, నుదుట అదే ఎర్రమచ్చతో ఒక నీటికోడి బయటికొచ్చింది. చూపిద్దామని అత్తకు వీడియో కాల్ చేసి, ముప్ఫై ఏళ్లు దాచిన మాట బయటపెట్టేశాను.

"అత్తా, ఆ ఉచ్చులు కడిగింది నేనే."

"తెలుసులేవే. అంతా సబ్బు వాసనేగా."

"మరి కోడెట్టా పడింది?"

అత్త చీరకొంగు సర్దుకుంది. "పడ్లేదు. అప్పలసామి గుమ్మంలో నిలబడి అడిగి తెచ్చా. చిన్నపిల్లవి, తెలిస్తే కుమిలిపోతావని ఊరుకున్నా."

మా లంక చుట్టూ ఇప్పుడు జమ్ము లేదు, చేపల చెరువుల గట్లే. దోనె ఎప్పుడో పుచ్చిపోయింది. ఉచ్చు పేనడం అత్త వేళ్లే మరిచిపోయాయి. విమానాలు తిరిగితే వెళ్లి ఆమె కాళ్లు చుట్టుకుని కూర్చోవాలనుంది. ఆ మాటే చెప్పబోయి ఏడ్చేశాను.

"సర్లే, ఫోను ఆ కోడి వైపు తిప్పు," అంది అత్త. "కళ్లారా చూసి ఎన్నేళ్లయిందో."