జూలై చలిలో మా క్లబ్బు

మా కొంటా ఫుట్‌బాల్ క్లబ్బుకు నూరేళ్ళు పైబడిన చరిత్ర ఉందని సర్కారు ఫైల్లో రాసి ఉంది. నాలుగు పేజీలు, హిందీలో, మార్జిన్ గీసి, కింద రబ్బరు స్టాంపుతో సహా. నమ్మనివాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు. ఆ నాలుగు పేజీలూ రాసింది నేనే కాబట్టి నేను మాత్రం నమ్మను.

నేను ఇక్కడి బడిలో హిందీ పాఠాలు చెబుతాను. తెలుగు సరిహద్దును ఆనుకున్న హిందీ రాష్ట్రపు ఊరు మాది; ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో దోర్లీ, గోండీ, నోటికి ఏది అందితే అది. పరీక్షలో గైడు చూసి రాసిన వాడు నా కంటపడితే వాడికి మూడినట్టే. కాగితం చింపి, బెంచీ ఎక్కించి, "సొంత బుర్ర లేదా నీకు?" అని గంటసేపు దులిపేస్తాను. ఆ విషయంలో నాకు చుట్టుపక్కల మంచి పేరే ఉంది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. ముందు ముందు నన్ను తిట్టడానికి పనికొస్తుంది.

నాకొక జబ్బుంది. దక్షిణ అమెరికాలో ఒక రేవు పట్టణం, ఆ పట్టణంలో ఒక క్లబ్బు. పేరు చెప్పను, నా వల్ల దాని పరువెందుకు పోవాలి? వాళ్ళు సాయంత్రం ఆడే ఆట మనకు పొద్దున్నే, పాలు కాగే వేళకు వస్తుంది. మా ఇంట్లో ఫోనుకు సిగ్నల్ ఉండదు. శబరి నది వంతెన మీద మాత్రం, అవతలి ఒడ్డు టవరు పుణ్యమా అని, బొమ్మ ఆగకుండా ఆడుతుంది. అందుకని పొద్దున్నే వంతెన మధ్యలో రెయిలింగుకు ఆనుకుని నిలబడతాను. మొదట్లో లారీ డ్రైవర్లు బండి ఆపి, "ఏంది సారూ, ఇంట్ల అంత మంచిదేనా?" అని అడిగేవాళ్ళు. ఒకాయన దిగొచ్చి నా భుజం పట్టుకుని, ఏ కష్టమైనా పోతుందని ధైర్యం కూడా చెప్పాడు. ఆ రోజు మావాళ్ళు మూడు గోల్స్ తేడాతో ఓడిపోతున్నారు, ఆ ధైర్యం నాకు నిజంగానే అవసరమైంది.

ఆ క్లబ్బు చరిత్రంతా నాకు కంఠతా వచ్చు. రైలు వర్క్‌షాపు కార్మికులు ఒక ఇంగ్లీషు ఇంజనీరును వెంటేసుకుని మొదలుపెట్టారు. రైలు డబ్బాలకు వేయగా మిగిలిన రంగులే చొక్కాల రంగులయ్యాయి. ఒక ఏడు కింది తరగతి పోటీలకు పడిపోతే ఊరు ఊరంతా వీధుల్లో కూర్చుని ఏడ్చింది. గ్రౌండు అమ్ముడుపోయి ఏళ్ళ తరబడి ఊళ్ళు పట్టుకుని తిరిగారు. చివరికి అభిమానులు ఇంటికో ఇటుక తెచ్చి కొత్తది కట్టుకున్నారు. నేను గ్యాస్ బుక్ చేయడం మరిచిపోయిన రోజున మా ఆవిడ ఏమీ అనదు, "మీ గోల్‌కీపర్ మోకాలు ఎట్లుంది?" అని మాత్రం అడుగుతుంది. మోకాలు సంగతి నాకు తెలుసు గనుక చెప్పేస్తాను కూడా.

ఇక మా క్లబ్బు. అందరూ వస్తే పదకొండు మంది. నది పక్కన ఒక బయలు. ఆ బయలును గ్రౌండు చేసిన మనిషిని ఊరంతా కాకా అంటుంది, నేనూ అదే అంటాను. దోర్ల తెగ రైతు. పడుచుతనంలో చింతపండు అమ్ముకోవడానికి భద్రాచలం వెళ్ళి, తిరుగు బస్సులోంచి చంకలో బంతితో దిగాడట. అక్కడ ఎవరో ఆడుతుంటే చూసి మనసు పారేసుకున్నాడు. తన ఎడ్లకు మాను కట్టి ఈ నేలంతా చదును చేశాడు. నాకు ఆట నేర్పింది ఆయనే. వంకరపోయిన నా బొటనవేలు అందుకు సాక్ష్యం.

మా గ్రౌండు గీతలు సున్నంతో గీయరు, బూడిదతో గీస్తారు. ఇది కాకా పెట్టిన పద్ధతి. సగం మంది ఒట్టి కాళ్ళతో ఆడతారు, పగిలిన మడమల్లో సున్నం పడితే భగ్గుమంటుంది. అందుకని ఆటకు ముందు రోజు ఆయన గోనెసంచి పట్టుకుని టీ కొట్లు, పొయ్యిలున్న ఇళ్ళు తిరిగి బూడిద అడుక్కొస్తాడు, జల్లెడ పట్టి నిప్పు కణం లేకుండా చూస్తాడు. గోల్‌పోస్టులు ఆరు మద్ది కర్రలు. జూలైలో శబరి పొంగే ముందు వాటిని పీకి, భుజాన వేసుకుని ఇంటికి మోసుకుపోయి చూరు కింద కడతాడు. దసరాకు నీళ్ళు తీశాక తెచ్చి మళ్ళీ పాతుతాడు. ఆ మధ్య నెలల్లో మా గోల్‌పోస్టుల మీద మొక్కజొన్న కంకులు ఆరుతుంటాయి.

అలాంటి బయలు మీద ఒక ఆఫీసు కన్ను పడింది. ఏ ఆఫీసో చెప్పను, అక్కడ నాకింకా పనులున్నాయి. హైవే మీద లారీలు ఎక్కువయ్యాయి, వాటిని నిలపడానికి చోటు కావాలి, నది పక్కన ఖాళీ స్థలం ఉంది. ఖాళీ అంటే మా గ్రౌండు. నేను పరుగెత్తి వెళితే అక్కడి గుమాస్తా బాబు ఫైలు తిప్పుతూ, "క్లబ్బు ఉన్నదంటున్నవ్, మంచిదే. ఇతిహాస్ ఏది? ఇతిహాస్ లేని క్లబ్బుకు జాగా ఎట్లిస్తరు మాస్టర్‌జీ? సోమవారం లోపల నాలుగు పేజీలు తెచ్చియ్యి" అన్నాడు. ఆడేవాళ్ళున్నారు కదా, వచ్చి చూడండి అన్నాను. ఆడేవాళ్ళను ఫైల్లో పెట్టలేం, చరిత్రే కావాలన్నాడు.

కాకాకు చెప్పాను. ఆయన వంగి గడ్డిని అరచేత్తో నిమిరాడు. "బిడ్డా, లారీ చక్రం ఒక్కపాలి తిరిగితే మట్టి రాయైతది, మళ్ళ గడ్డి మొలవది. నాకేం వద్దు. ఎట్లన్న జేసి ఇది మాత్రం ఆపు" అన్నాడు. ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. "కాకా బంతి తెచ్చాడు" అని ఒక వాక్యం. "ఇప్పటికీ ఆడుతున్నాం" అని ఇంకొకటి. అంతే, చరిత్ర అయిపోయింది. కప్పుల్లేవు, ఫోటోల్లేవు, రిజిస్టర్లు లేవు. సైకిలేసుకుని వెళితే పావుగంటలో కాకా ఇల్లు. వెళ్ళి అడిగితే నలభై పేజీలు చెప్పేవాడేమో. నాకు ఆ ఆలోచనే రాలేదు. చరిత్ర అంటే ఎక్కడో అచ్చయి ఉండేది, దాన్ని తెచ్చి రాసుకోవాలి, అంతే నాకు తెలిసింది. పొద్దున్నే వంతెన మీదికి వెళ్ళి నా దక్షిణ అమెరికా క్లబ్బు చరిత్ర మొత్తం ఫోనులోకి దించుకున్నాను.

ఇక చూడండి నా పనితనం. కొంటాకు రైలు లేదు కాబట్టి రైలు కార్మికులను పడవల వాళ్ళను చేశాను. ఇంగ్లీషు ఇంజనీరు అడవులు చూసే తెల్లదొర అయ్యాడు. సముద్రం శబరి అయింది, ఓడరేవు పడవల రేవయింది, రైలు డబ్బాల రంగు పడవల రంగయింది. ఇటుకలను మాత్రం ముట్టుకోలేదు, సర్కారుకు ఇటుకలంటే ప్రీతి. కింది తరగతికి పడిపోయిన ఘట్టం రాసేటప్పుడు నాకే కళ్ళు చెమర్చాయి. పడిపోవడానికి మేము ఏ తరగతిలోనూ లేమన్న సంగతి అప్పుడు గుర్తురాలేదు. అంత చక్కని హిందీ నేను అంతకు ముందు ఎప్పుడూ రాయలేదు.

బాబు చదివాడు. రెండో పేజీ దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంత ఇతిహాస్ పెట్టుకొని ఇన్నాళ్ళు నోరెందుకు మూసుకున్నరు మాస్టర్‌జీ?" అన్నాడు. నెల తిరక్కుండా కబురొచ్చింది. లారీలకు వేరే చోటు చూశారు, బయలు ఆటకే ఉంటుంది, పెద్ద సాబ్ వచ్చి సభ పెట్టి ప్రకటిస్తారు. కాకాకు చెబితే నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏం రాశావని మాత్రం అడగలేదు. చదువుకున్నవాణ్ణి, సరిగ్గానే రాసి ఉంటానని ఆయన నమ్మకం.

సభ రోజున షామియానా, మైకు, ప్లాస్టిక్ కుర్చీలు. సాబ్ ఉపన్యాసం తెచ్చుకోలేదు, నా నాలుగు పేజీలే తెచ్చుకున్నాడు. గొంతు సవరించుకుని మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాడు. తమ ఊరికి ఇంత చరిత్ర ఉందని జనం అప్పుడే విన్నారు. విన్నది విన్నట్టే నమ్మడం కూడా మొదలుపెట్టారు. ఇటుకల దగ్గరికొచ్చేసరికి సిమెంటు కొట్టు సేఠ్ లేచి నిలబడి, "మా తాత గూడ మోసిండు సాబ్! నా చిన్నప్పుడు చెప్పేటోడు" అని కేక పెట్టాడు. చప్పట్లు మోగాయి. నా పక్కన కూర్చున్న మా హెడ్‌మాస్టరు, తెల్లదొర బంగళా ఎక్కడుండేదో తనకు తెలుసని నా చెవిలో చెప్పాడు. నేను సృష్టించిన దొరకు మా హెడ్‌మాస్టరు ఇల్లు కూడా కట్టించాడు.

అప్పుడు సాబ్ మూడో పేజీ తిప్పి, ఇంకాస్త గొంతు పెంచి చదివాడు. "జూలై నెల గడ్డకట్టే చలిలో సైతం, ఒంటి మీద కంబళ్ళు కప్పుకుని, వేలాది జనం ఆట చూడటానికి తరలివచ్చేవారు."

సముద్రాన్ని మార్చాను, రైలును మార్చాను, తెల్లవాణ్ణి కూడా వదల్లేదు. భూమికి ఆ చివర మనకు వానలు పడేటప్పుడు వాళ్ళకు చలికాలమన్న సంగతి మాత్రం మరిచాను. మా బడిలో అయిదో తరగతి పిల్లలు పక్కవాడి కాగితం చూసి రాసేటప్పుడు చేసే తప్పే ఇది. అవతలి వాడి రోల్ నెంబరుతో సహా ఎక్కించేస్తారు.

సేఠ్ కూడా జూలై చలి దగ్గర తాతను గుర్తుతెచ్చుకోలేకపోయాడు. షామియానా అంచున బూడిద బకెట్టుతో నిలబడ్డ కాకా అందరికీ వినపడేలా అన్నాడు. "జూలైల చలేంది? జూలైల ఏరొస్తది. నేను పోల్సు పీకి ఇంటికి మోసుకపోత గదా ఏటేట!"

జనం గొల్లుమన్నారు. సాబ్ కాగితం దించి, "ఎవరితను?" అని నా వైపు చూశాడు.

నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఈ క్లబ్బు పెట్టిన మనిషి ఇతనే సార్. ఆ ఒక్క వాక్యంతో నా తెల్లదొర చచ్చిపోతాడు, నూరేళ్ళు కూలిపోతాయి, ఫైలు మూసేస్తారు, రేపు లారీలొస్తాయి. క్లబ్బు పెట్టినవాడు ఎదురుగా బకెట్టు పట్టుకుని నిలబడి ఉంటే నూరేళ్ళు ఎక్కడివి? గ్రౌండు దక్కాలంటే దాన్ని చేసిన మనిషి ఉండకూడదు. నేనలా రాసి పెట్టాను.

"గ్రౌండు చూసుకునే మనిషి సార్" అన్నాను.

"అచ్ఛా, చౌకీదార్" అని సాబ్ తలాడించాడు.

కాకా నా వైపు చూశాడు. కోపం లేదు, అడగడమూ లేదు. నేను దేనికో భయపడుతున్నానని మాత్రం అర్థమైంది ఆయనకు, చిన్నప్పటి నుంచి నా ముఖం ఎరిగినవాడు. "అవు సాబ్. గీతలకు బూడిద పోస్త" అన్నాడు, బకెట్టు కొంచెం ఎత్తి చూపిస్తూ. ఆ తర్వాత స్థాపకుల వంశం తరఫున శాలువా కప్పారు. సిమెంటు కొట్టు సేఠ్‌కు.

చరిత్ర గల క్లబ్బు గనుక ఇనుప గోల్‌పోస్టులు మంజూరు చేశారు, సిమెంటు పోసి పాతారు. చరిత్రంతా చెక్కిన పెద్ద బోర్డు కూడా పెట్టారు, తెల్లదొర అందులో మొదటి వరసలోనే ఉన్నాడు. "ఏరొస్తే వీటిని ఎట్ల పీకుతరు?" అని కాకా పని చేయించే ఇంజనీరును అడిగాడు. ఇంజనీరు నవ్వాడు. జూలైలో ఏరొచ్చింది. నీళ్ళు తీశాక చూస్తే రెండు పోస్టులు ఒరిగి ఉన్నాయి, రెండు లేవు. బోర్డు జాడే లేదు. నూరేళ్ళ చరిత్ర ఒక్క వారంలో గోదావరిలో కలిసింది.

దసరాకు గడ్డపార భుజాన వేసుకుని కాకా ఇంటికి వెళ్ళాను. చూరు కింద మద్ది కర్రలు ఎప్పటిలా ఉన్నాయి. ఇద్దరం మోసుకొచ్చి గుంతలు తవ్వుతుంటే ఉన్నదంతా చెప్పేశాను. ఆ చరిత్ర మనది కాదు కాకా, ఏడు సముద్రాల అవతలి క్లబ్బుది, దొంగతనంగా రాసుకొచ్చాను, నీ పేరు రాయాల్సిన చోట ఎవరినో రాశాను, పైగా సభలో నిన్ను చౌకీదారును చేశాను. క్షమించమని కూడా అడిగాను. ఇంతకీ బంతి ఏ సంవత్సరం తెచ్చావని అప్పుడు అడిగాను, ఇన్నేళ్ళ తర్వాత.

"ఏమెరుక బిడ్డా. ఆ ఏడు చింత బాగ కాసింది" అన్నాడు.

కర్ర నిలబెట్టి, చుట్టూ మట్టి తొక్కాడు. ఆయన మనసు సభ మీద లేదు, ఆ క్లబ్బు మీదికి పోయింది. వాళ్ళకూ ఏరు పక్కనే గ్రౌండా అని అడిగాడు. సముద్రం అన్నాను. పోస్టులు ఏ కర్రవని అడిగాడు. ఒకప్పుడు కర్రవే, ఇప్పుడు ఇనుమువి అన్నాను. నా చదువు పనికొస్తున్నందుకు లోపల కాస్త సంతోషంగానే ఉంది.

"మరి ఆడ గీతలెవరు గీస్తరు?"

నాకు ఇంజనీరు పేరు తెలుసు. రైలు డబ్బాల రంగు కథ తెలుసు, ఏ ఏడు ఎవరు ఏ కాలితో గోల్ కొట్టారో తెలుసు, గోల్‌కీపర్ ఎడమ మోకాలు తెలుసు. ఇన్నేళ్ళుగా ఆ చరిత్రలో ఒక్క ముక్క వదలకుండా చదివాను. గీతలు గీసినవాడు అందులో ఎక్కడా లేడు.

"తెల్వదు కాకా" అన్నాను.

"ఎవడో చౌకీదార్ ఉంటడు తియ్" అన్నాడు. ఎత్తిపొడుపుగా అన్నా బాగుండేది. బూడిద సంచీ, గీతకు పట్టే తాడు ఒక కొసా నా చేతికిచ్చి, రెండో కొస పట్టుకుని అవతలి మూలకు నడిచాడు.