చిల్లు లేని డ్రమ్ములో ఆపిల్ మొక్క

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. బీఎస్సీ బాటనీ మొదటి సంవత్సరం చదువుతున్న మనిషికి ఆ మాత్రం తెలివి సహజం. (రెండో సంవత్సరానికి అది సగమైంది, ఉద్యోగంలో చేరేసరికి పూర్తిగా కుదుటపడింది.) జార్జి టౌన్‌లోని మా ఇంట్లో తులసి ఆకు పసుపు రంగుకు తిరిగినా నన్నే అడిగేవాళ్లు. అడగకపోతే నేనే వెళ్లి చెప్పేదాన్ని. అంత తెలివి పెట్టుకుని ఒక ఆపిల్ మొక్కను చావు దాకా తీసుకెళ్లాను.

మా తాత నలభై ఏళ్లు ఆపిల్ పండ్ల హోల్‌సేల్ వ్యాపారం చేశాడు. పెట్టె మూత తీయకుండా, చెక్కల సందులో ముక్కు పెట్టి, లోపల కుళ్లిన పండు ఉందో లేదో చెప్పేవాడు. ఆపిల్ చెట్టును మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఆ ఏడాది జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక, రోజూ మెట్లెక్కి దిగితేనే కాలు స్వాధీనంలోకి వస్తుందని, ఇలాగే పడుకుంటే ఇక లేవడని డాక్టరు చెప్పాడు. తాత వింటేగా. "మిద్దె మీద ఏముందని ఎక్కాల? ఆరేసిన గుడ్డలు చూసేదానికా?" అని గోడవైపు తిరిగి పడుకునేవాడు. చివరికి నాన్న ఏదో నర్సరీలో వెతికి, వేడి ఊళ్లలోనూ బతుకుతుందన్న ఆపిల్ అంటుమొక్క ఒకటి మిద్దె మీద పెడదామని తెచ్చాడు. ఆ మాట విని తాత ఇటు తిరిగాడు. "సరి, చిగురేసినాక చెప్పండి, వస్తా" అన్నాడు.

ఇక మా అందరి ప్రాణం ఆ చిగురు మీదే. నీలం రంగు నీళ్ల డ్రమ్మును సగానికి కోశాం. అడుగున చిల్లులు పెట్టమని నర్సరీవాళ్లు చెప్పారని నాన్న స్క్రూడ్రైవర్ తీశాడు గానీ అవ్వ అడ్డం పడింది. "లారీ కాడ బిందెలు పెట్టుకోని నిలబడేది నేను. నీళ్లు కారిపోయేదానికి ఎవురన్నా చిల్లు పెడతారా?" అంది. వేసవి వస్తే నీళ్ల లారీ కోసం చెవులు రిక్కించుకుని కూర్చునే ఇంట్లో ఆ మాట ఎవరికీ తప్పనిపించలేదు. బాటనీ విద్యార్థినికీ అనిపించలేదు.

రోజుకు ఒక్క చెంబు మాత్రమే పోయాలని అవ్వ శాసనం. అది చాలదేమోనని అమ్మ చాటుగా బియ్యం కడిగిన నీళ్లు పోసేది. నాన్న ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోసేవాడు. శాసనం చేసిన అవ్వే తన స్నానం నీళ్లలో ఒక చెంబు మిగిల్చి పోసేదని తర్వాత బయటపడింది. నా పద్ధతి మాత్రం శాస్త్రీయం. ఆపిల్‌కు చలి కావాలని చదివాను కాబట్టి, మిట్టమధ్యాహ్నం ఫ్రిజ్‌లోని ఐస్ ముక్కలు తీసుకెళ్లి మొక్క మొదలు చుట్టూ పాతిపెట్టేదాన్ని. (చలి కావాల్సింది కొమ్మల మీది మొగ్గలకు, అదీ శీతాకాలంలో. ఆ పేజీ నేను తిప్పలేదు.)

మూడు వారాలకు ఆకులు వేలాడిపోయాయి. దాహమేమోనని అందరం ఇంకా పోశాం. ఒక ఆదివారం ఆకులు రాలడం చూసి నా ధైర్యమంతా జారిపోయింది. తాత మంచం పక్కన కూర్చుని ఏడ్చేశాను. "తాతా, చెట్టు చచ్చిపోతా ఉంది. ఎంత పోసినా దాని దాహం తీరలే." తాత మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు. తర్వాత "ఆ కర్ర ఇట్టియ్యి" అన్నాడు.

పద్దెనిమిది మెట్లు. ప్రతి మెట్టు మీదా ఆగి, నా భుజం మీద బరువంతా వేసి, డాక్టర్నీ మమ్మల్నీ కలిపి తిడుతూ ఎక్కాడు. వెనకే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగపట్టుకుని వచ్చారు. డ్రమ్ము పక్కన స్టూలు వేస్తే కూర్చుని, వంగి, పెట్టె సందులో పెట్టినట్టే మట్టికి ముక్కు ఆనించాడు.

"దాహం యాడుంది పాపా? ఇది కుళ్లు వాసన. నీళ్లు పోసింది ఎవురు?"

అమ్మ మెల్లగా చెయ్యెత్తింది. తర్వాత నాన్న, తర్వాత నేను. చివరికి అవ్వ, "నేను ఒక చెంబే లే" అంది.

తాత నవ్వాడు. ఆపరేషన్ తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. "నలుగురూ చేరి, పాపం, దానికి ఊపిరాడకుండా చేసినారు గదా" అన్నాడు.

నిజమే. మట్టి సందుల్లోంచి నీళ్లు దిగిపోతేనే అక్కడికి గాలి వస్తుందని, వేళ్లకు ఆ గాలి కావాలని మర్నాడు కాలేజీలో మా మేడమ్ చెప్పింది. తాత ముక్కు ముందురోజే చెప్పేసింది. మొక్కను పెరికి చూస్తే వేళ్లు నల్లగా, జిగటగా ఉన్నాయి. వాటిని కోసేస్తే తెల్లటివి నాలుగు మిగిలాయి. ఈసారి స్క్రూడ్రైవర్ అవ్వే తెచ్చి ఇచ్చింది. డ్రమ్ముకు చిల్లులు పెట్టి, ఇటుక ముక్కలూ ఇసుకా కలిపి మళ్లీ నాటి, నీడకు జరిపాం. మమ్మల్ని నమ్మనని తాత నీళ్ల బాధ్యత తనే తీసుకున్నాడు. రోజూ పొద్దున కర్ర పట్టుకుని ఎక్కి, మట్టిలోకి రెండు కణుపుల దాకా వేలు దించి, పొడిగా తగిలితేనే నీళ్లు పోసేవాడు. రెండు నెలలకు చిగురు వేసింది. కబురు చెప్పింది తాతే.

ఆ చెట్టు ఒక్క పండూ కాయలేదు. తాత మాత్రం ఆరేళ్లు ఆ మెట్లెక్కాడు.

ఇప్పుడు నేనే పిల్లలకు బాటనీ చెబుతున్నాను. వేళ్ల పాఠం వచ్చినప్పుడల్లా, ఐస్ ట్రే పట్టుకుని మెట్ల నిండా చుక్కలు కారుస్తూ పరుగెత్తే ఆ పిల్ల కళ్ల ముందుకొస్తుంది. అది చేస్తున్న తప్పు నాకిప్పుడు బాగా తెలుసు. అయినా ఆ మెట్ల మీద ఎదురైతే ఆపను. పక్కకు జరిగి దారిస్తాను. దాని వెనకాల తాత ఎక్కి రావాలి గదా.