గంట పిన్ని

చిట్టి వాళ్ళ పిన్నికి ఉన్నది ఒకటే జబ్బు. ఆడమనిషి మాట్లాడుతుండగా మగవాడెవరైనా మధ్యలో అడ్డం వస్తే ఆవిడ గంట కొడుతుంది. మాటవరసకు అంటున్నది కాదు, నిజం గంటే. అరచేత్తో నెత్తిన ఒక్కటిస్తే ‘టింగ్’ మనే గుండ్రటి ఇత్తడి గంట. ఒకప్పుడు అది పిన్ని నడిపే టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో, పాఠం అయిపోయిందని చెప్పడానికి బల్ల మీద ఉండేది. తర్వాత ఆవిడ హ్యాండ్‌బ్యాగులోకి మకాం మార్చింది. చేతిరుమాల్లో చుట్టి పెట్టినా స్కూటరు గతుకులో పడ్డప్పుడల్లా మోగేది. వీధిలో మగవాళ్ళు ఆ చప్పుడు వినగానే చెప్తున్న మాట ఠక్కున ఆపి, పక్కన ఆడవాళ్ళెవరైనా ఉన్నారేమోనని చూసుకునేవారు.

గంట కొట్టాక పిన్ని అరిచేది కాదు, ఉపన్యాసం ఇచ్చేది కాదు. కళ్ళజోడు సర్దుకుని, “ఆమె వాక్యం ఇంకా పూర్తి కాలేదండీ,” అనేది. టైపులో తప్పు చూపించినంత మామూలుగా.

ఒకసారి అమ్మకు మోకాలి నొప్పి వచ్చింది. అమ్మ, నాన్న, పిన్ని, వాళ్ళ వెనకాల చిట్టి, అందరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

“ఎప్పట్నించమ్మా నొప్పి?” అని అడిగాడు డాక్టరు.

“పోయిన నెల మెట్లు దిగుతుంటే...” అని అమ్మ మొదలుపెట్టింది.

“రెండు వారాలైందండీ. పెద్ద నొప్పేం కాదు,” అన్నాడు నాన్న.

టింగ్.

“బావగారూ, మోకాలు ఎవరిది?” అంది పిన్ని.

“మీ అక్కదే.”

“నొప్పి?”

“అదీ... మీ అక్కదే.”

“మరి పెద్దదో చిన్నదో మీకెవరు చెప్పారు?”

డాక్టరు పగలబడి నవ్వాడు. నవ్వి, “సరే, మీరే చెప్పండమ్మా,” అని అమ్మవైపు తిరిగాడు. అమ్మ నోరు తెరిచిందో లేదో, “అర్థమైంది, అరుగుదల,” అంటూ మందులు రాయబోయాడు. టింగ్! బయట బెంచీ మీద కూర్చున్న రోగులు తమ వంతు వచ్చిందనుకుని ముగ్గురు ఒకేసారి లోపలికి వచ్చేశారు. ఆ గలాభాలో అమ్మ మెట్ల సంగతి ఎటో కొట్టుకుపోయింది.

చిట్టి ఆరోజు బరువు తూచే యంత్రం వెనక దాక్కుంది. నలుగురిలో నోరు విప్పాలంటే గొంతు తడారిపోయే పిల్ల. బస్సులో దిగాల్సిన చోటు వచ్చినా “ఆపండి” అనలేక, తర్వాతి స్టాపులో ఎవరో దిగితే వాళ్ళతో దిగి వెనక్కి నడిచొచ్చే రకం. అలాంటి పిల్లకు ఊరంతటికీ వినపడే పిన్ని దొరకడం ఏమిటో!

వీధి సంఘం సమావేశంలో గంటకు ఇంకో పని పడింది. మూల ఇంటి నర్సమ్మ లేచి, “మురుక్కాలువకు మూత వేయించాలండీ, పిల్లలు పడుతున్నారు,” అంది. ఎవరూ తల కూడా ఎత్తలేదు. అయిదు నిమిషాలకు రిటైరైన సూపరింటెండెంటు గారు గొంతు సవరించుకుని, “నాకొక ఆలోచన వచ్చింది. ఆ కాలువకు మూత వేయిస్తే?” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

టింగ్ టింగ్.

“రెండుసార్లు కొట్టావేమ్మా?” అన్నాడాయన చిరాగ్గా.

“మాటకు అడ్డమొస్తే ఒకటి. మాట ఎత్తుకుపోతే రెండు,” అంది పిన్ని. “ఇవాళే పెట్టాను సార్ ఈ రూలు. మీరే మొదలు.”

ఆవిడ పక్షపాతి అనుకుంటే మాత్రం పొరపాటు. ఓ పెళ్ళి భోజనాల్లో పక్కావిడ చెప్తున్న మాటకు తనే అడ్డం తగిలింది. తగిలి, నాలిక కరుచుకుని, ఎంగిలి చేయి పైకెత్తి పెట్టుకుని, ఎడమ చేత్తో బ్యాగు వెతికి గంట తీసి తన మీద తనే కొట్టుకుంది. “మరి మగవాళ్ళ మాటకు ఆడవాళ్ళు అడ్డొస్తేనో?” అని ఎదుటి వరసలోంచి నాన్న అడిగాడు. “దానికి వేరే గంట చేయించమని చెప్పాను బావగారూ. అర్జెంటు లేదన్నాను,” అంది. ఇక పిన్ని భర్తను, అంటే బాబాయిని, ఎవరైనా జాలిగా చూస్తే ఆయన నవ్వేసేవాడు. “మా ఇంట్లో గంటతో పనేముందండీ! ఆవిడ మొదలుపెడితే అడ్డం రావడానికి సందు దొరకాలిగా?”

ఇలా నవ్వుకుంటూనే ఉండేవాళ్ళు, చిట్టికి పై చదువుకు సీటు వచ్చేదాకా.

సాహిత్యంలో ఎమ్.ఏ. రాత్రంతా రైల్లో వెళ్తే వచ్చే ఊరు. పది రోజుల్లో చేరాలి. ఆ కాగితం వచ్చిన రోజున చిట్టి దాన్ని దిండు గలీబులో పెట్టుకుని పడుకుంది. మర్నాడు ఆదివారం ఇంట్లో సమావేశం పెట్టారు. పెదనాన్న పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. నాన్న ఆయన పక్కన. బాబాయి, పిన్ని గోడవారగా. అమ్మ వంటింటి గుమ్మంలో, సగం లోపల, సగం బయట.

“ఆడపిల్ల. ఒక్కతీ. అంత దూరం,” అన్నాడు పెదనాన్న, ఒక్కో మాటకు ఒక్కో వేలు ముడుస్తూ. “ఇక్కడే ఏ స్కూల్లోనో టీచరుగా చేర్పిద్దాం. కథల పుస్తకాలు ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. దానికి రైలెక్కాలా?”

“నేనూ అదే అనుకుంటున్నా అన్నయ్యా,” అన్నాడు నాన్న.

“నాకు ఆ సీటు...” అంది చిట్టి.

“సీటుదేముందమ్మా, ఈ ఏడు కాకపోతే...”

టింగ్!

“పెద్ద బావగారూ, అమ్మాయి వాక్యం ఇంకా పూర్తి కాలేదు.”

అందరూ చిట్టివైపు తిరిగారు. పంకా కూడా ఆగి చూస్తున్నట్టనిపించింది. చిట్టి నోరు తెరిచింది. చెప్పాలనుకున్న మాటలన్నీ గొంతులో తోసుకుని తోసుకుని, ఒక్కటీ బయటికి రాలేదు.

“నాకు... ఏం లేదు,” అంది.

“చూశారా! దానికే అంత ఇష్టం లేదు,” అన్నాడు పెదనాన్న.

పిన్ని చెయ్యి గంట మీదికి వెళ్ళింది. వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. ఎవరూ అడ్డం రాలేదు మరి. రూలు రూలే. మెల్లగా గంటను రుమాల్లో చుట్టి బ్యాగులో పెట్టేసుకుంది. రేపు సాయంత్రానికల్లా ‘రాలేము’ అని కాలేజీకి ఉత్తరం వెయ్యాలని తేల్చారు. చిట్టి ఆ పూట తనను తాను తిట్టుకున్నన్ని తిట్లు ఇంకెవరినీ తిట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం గుమ్మం ముందు స్కూటరు ఆగింది.

“మిషన్లకు రిబ్బన్లు మార్చాలి. రావే, చెయ్యి సాయం కావాలి,” అంది పిన్ని.

ఒంటిగంట నుంచి మూడింటిదాకా ఇన్‌స్టిట్యూట్‌కు సెలవు. పన్నెండు మిషన్లూ గుడ్డ ముసుగులేసుకుని నిద్రపోతున్నాయి. నూనె వాసన, కార్బన్ కాగితాల వాసన. పిన్ని ఒక మిషను ముసుగు తీసి, కార్బన్ పెట్టి రెండు కాగితాలు ఎక్కించి, చిట్టికి వీపు చూపిస్తూ కూర్చుంది.

“నిన్న ‘నాకు ఆ సీటు’ దాకా వచ్చావు. తర్వాత?”

“రిబ్బన్లు మార్చాలన్నావుగా పిన్నీ?”

“మారుద్దాం. తర్వాత?”

“నాకు మాట్లాడటం రాదు పిన్నీ.”

“నా మొహం చూడమన్నానా? ఆ గోడకు చెప్పు. నా వేళ్ళు వింటాయి.”

చిట్టి చాలాసేపు గోడను చూసింది. గోడ గంట కొట్టలేదు, పంకాలా చూడలేదు. మెల్లగా ఒక మాట వచ్చింది. మిషను టకటకలాడింది. చిట్టి ఆగితే మిషను ఆగింది. తడబడితే ఓపిగ్గా కాచుకుంది. ఒక్క మాట కూడా పిన్ని తనవైపు నుంచి అందివ్వలేదు. ఊరంతా వాయించే మనిషి గంటన్నర సేపు నోరు మెదపకుండా కూర్చుంది. రెండు పేజీలు నిండాయి.

“ఒకటి మీ నాన్నకు. కార్బన్ కాపీ ఆ బీరువాలో ఆకుపచ్చ ఫైల్లో పెట్టు,” అంది పిన్ని, వేళ్ళు విరుచుకుంటూ.

ఫైలు మీద పిన్ని చేతిరాత: ‘మిగతా సగం’. కాగితాల అంచులు వరసగా కనిపించాయి. ‘నర్సమ్మ – మురుక్కాలువ’. ‘పెళ్ళిలో పక్కావిడ – కూతురి సంగతి’. ‘అక్క – మోకాలు’. అది ఏడు పేజీలుంది.

“అమ్మ మోకాలి గురించి ఏడు పేజీలు చెప్పిందా!”

“మోకాలు మొదటి పేజీలోనే అయిపోయింది.”

అప్పుడు తెలిసింది చిట్టికి. గంట మోగిన మర్నాడు మధ్యాహ్నాలు పిన్ని స్కూటరు ఎవరి గుమ్మం ముందు ఆగేదో. కబుర్లకు తిరుగుతోందనుకునేవాళ్ళు అందరూ.

“గంట కొట్టి ఒకళ్ళ నోరు మూయించగలనే. ఇంకొకళ్ళ నోరు తెరిపించడం దాని వల్ల కాదు,” అంది పిన్ని, మిషనుకు ముసుగు కప్పుతూ. “దానికి తీరిగ్గా కూర్చోవాలి. ఇదెక్కడా అనకు. నా పేరు చెడుతుంది.”

సాయంత్రం నాన్న వరండాలో కూర్చుని ఆ రెండు పేజీలూ చదివాడు. చిట్టి తలుపు సందులోంచి చూస్తోంది. నాలుగో వరసలోనే ఆయన వేలెత్తి, “అది కాదమ్మా...” అన్నాడు కాగితంతో. కాగితం ఆగలేదు. ఇంకో రెండు వరసలు చదివి, “నేననేది ఏంటంటే...” అన్నాడు. ఎదుట ఎవరూ లేరు. చుట్టూ చూసి, వేలు దించుకుని, మళ్ళీ మొదటినుంచి చదివాడు. ‘అన్నయ్య పై చదువుకు ఊరు వెళ్ళేటప్పుడు మనింట్లో సమావేశం పెట్టలేదు. సూట్‌కేసు ఏ రంగుది కొనాలి అన్న దాని మీదే వారం రోజులు మాట్లాడుకున్నాం’ అన్న చోట చాలాసేపు ఆగాడు.

తర్వాత లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. అమ్మ టీ కోసం పొయ్యి మీద నీళ్ళు పెడుతోంది.

“నువ్వేమంటావు?” అన్నాడు.

తన వెనక ఎవరున్నారా అని అమ్మ ఒకసారి తిరిగి చూసింది.

“నిన్నే,” అన్నాడు నాన్న. అని, పీట లాక్కుని కూర్చున్నాడు.

“నేనేమంటానంటే...” అని అమ్మ మొదలుపెట్టి, అలవాటు ప్రకారం ఎవరో ఒకరు అందుకుంటారని ఆగింది. ఎవరూ అందుకోలేదు. దాంతో మిగతాది ఆవిడే చెప్పుకోక తప్పలేదు.

“పంపిద్దామండీ. నేను తోడు వెళ్ళి హాస్టల్లో దింపి వస్తాను. దారి నాకు తెలుసు. పెళ్ళికాక ముందు నేనూ ఆ కాలేజీ గేటు దాకా వెళ్ళొచ్చినదాన్నే...”

నాన్న ఆ మాట ఎన్నడూ వినలేదు. చిట్టీ వినలేదు. అమ్మ ఆ గేటు దగ్గర మొదలుపెట్టి అలా చెప్తూనే ఉంది. గిన్నెలో నీళ్ళు మరిగి, ఇగిరి, అడుగంటాయి. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎవరికీ టీ లేదు, ఎవరూ అడగనూ లేదు.